జేఎఫ్‌కే నుంచి మన్‌హట్టన్‌కు పసుపు టాక్సీ: రవాణా శాఖలో పనిచేసినవాడి రివ్యూ

న్యూయార్క్‌లో కెన్నెడీ (జేఎఫ్‌కే) ఎయిర్‌పోర్టులో దిగి మన్‌హట్టన్ వెళ్ళాల్సిన మనవాళ్ళకు నా సలహా పసుపు టాక్సీయే. పిల్లలు ఫోన్ తీసి యాప్‌లో బుక్ చేస్తామంటారు. మా అమ్మాయి కూడా "ఆగు నాన్నా, ఊబర్ పెడతాను" అంది. తనుండేది పక్క రాష్ట్రం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. ముందు ఊరు చూపించి తర్వాత ఇంటికి తీసుకెళ్దామని మన్‌హట్టన్ మిడ్‌టౌన్‌లో హోటల్ తీసి, మమ్మల్ని కలవడానికి ఎయిర్‌పోర్టుకొచ్చింది. నేను మాత్రం పసుపు టాక్సీయే కావాలన్నాను. ఉద్యోగమంతా కోస్తాలో రవాణా శాఖ పర్మిట్ల సెక్షన్లలో చేశాను. ఏ ఊరు వెళ్ళినా అక్కడి టాక్సీ రేటు ఎవరు పెడతారు, పర్మిట్ ఎవరిస్తారు, ఇచ్చేవాళ్ళకు అందులో ఏం ముడుతుంది అని ఆరా తీయడం నాకు అలవాటు. ఈ రివ్యూలో సగం బండి గురించి, సగం ఆ ఆరా గురించి.

ముందు బండి సంగతి. సామాను తీసుకుని బయటికొచ్చే దారిలోనే "టాక్సీ కావాలా" అని పక్కకొచ్చి అడిగేవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళ వెంట వెళ్ళొద్దు. అలా పిలిచి ఎక్కించుకోవడం అక్కడ చట్టవిరుద్ధం, రేటు కూడా వాళ్ళిష్టం. టాక్సీ అని రాసిన బోర్డులు చూసుకుంటూ వెళ్తే బయట క్యూ ఉంటుంది, యూనిఫాం వేసుకున్న మనిషి వరసలో బండి చూపిస్తాడు. మాకు పచ్చళ్ళ డబ్బాలతో సహా నాలుగు పెద్ద పెట్టెలున్నాయని చూసి, వెనకనున్న టయోటా వ్యాన్‌ను ముందుకు పిలిచాడు. డ్రైవర్ దిగి పెట్టెలన్నీ తనే సర్దాడు. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పి. ఆమె ఎక్కి కూర్చునేదాకా తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

రేటు విషయంలో టెన్షన్ లేదు. జేఎఫ్‌కే నుంచి మన్‌హట్టన్‌లో ఎక్కడికైనా 70 డాలర్లు. 2022 డిసెంబరు దాకా 52 ఉండేది. దాని మీద చిల్లర వడ్డనలు ఉంటాయి: రవాణా సంస్థ ఎంటీఏకి అర డాలరు, ఇంప్రూవ్‌మెంట్ సర్‌చార్జీ ఒక డాలరు, రద్దీ సర్‌చార్జీ రెండున్నర, ఎయిర్‌పోర్టు ఫీజు ఒకటీ ముప్పావు, 2025 జనవరి నుంచి 60వ వీధికి దిగువనున్న మన్‌హట్టన్‌లో అడుగుపెట్టినందుకు ఇంకో ముప్పావు. మొత్తం 76 డాలర్ల 50 సెంట్లు. పనిరోజుల్లో సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది మధ్య అయితే మరో ఐదు డాలర్లు. మేం దిగింది ఆదివారం కాబట్టి అది పడలేదు. క్వీన్స్‌బరో వంతెన మీదుగా వెళ్ళాం, దానికి టోల్ లేదు. టిప్ వేరే. వెనక సీటు ముందున్న స్క్రీన్ మీద 20, 25, 30 శాతం అని బటన్లు వస్తాయి, మీకు తోచిన మొత్తం కూడా కొట్టుకోవచ్చు.

వానొచ్చినా, విమానాలన్నీ ఒకేసారి దిగినా ఆ 70 మారదు. యాప్‌లో అంకె మనం చూస్తుండగానే పెరుగుతుంది, ఎందుకు పెరిగిందో చెప్పేవాడుండడు. పసుపు టాక్సీలో ప్రతి సెంటూ ఎవరు నిర్ణయించారో, ఎప్పుడు నిర్ణయించారో కాగితం మీద ఉంటుంది. టాక్సీ అండ్ లిమసిన్ కమిషన్, అందరూ టీఎల్‌సీ అంటారు, బహిరంగ విచారణ పెట్టి ఓటు వేశాకే రేటు మారుతుంది. బండి బానెట్ మీద బిగించిన రేకు బిళ్ళ, పైకప్పు లైటు మీద, తలుపుల మీద అదే నంబరు, లోపల డ్రైవర్ ఫొటోతో లైసెన్సు. ప్రయాణికుడు ఎటు చూసినా ఆ నంబరు కనబడేలా పెట్టారు. మన దగ్గర ఇంత శ్రద్ధగా చేసిన ఏర్పాటు నేను ఎక్కడా చూడలేదు.

ఆ రేకు బిళ్ళ పేరు మెడాలియన్. పసుపు టాక్సీ నడపడానికి సిటీ ఇచ్చే పర్మిట్ అదే. నాకు తెలుసుకోవాలనున్నది దాని గురించే.

డ్రైవర్ బంగ్లాదేశ్ మనిషి, సిల్హెట్ వైపు. నా హిందీ, ఆయన హిందీ కలిసి బాగానే నడిచాయి. మెడాలియన్ సొంతమా, అద్దెదా అని అడిగాను. సొంతమే అన్నాడు. ఎంతకు కొన్నావని అడగలేదు. అడక్కుండానే చెప్పాడు: ఐదు లక్షల డాలర్ల పైన, అంతా అప్పే, ఇల్లు కూడా తాకట్టులో పెట్టాడు. నువ్వు ఎవరి మాట నమ్మి కొన్నావంటే "సిటీ మాట" అన్నాడు. బ్రోకర్ చెప్పాడనీ, బ్యాంకువాడు చెప్పాడనీ అనలేదు. సిటీ అన్నాడు. పర్మిట్ ఇచ్చే ఆఫీసులో ఏళ్ళ తరబడి కూర్చున్నవాడికి ఆ మాట ఎంత బరువైనదో తెలుస్తుంది.

ఆయన అన్నది నిజమేనని తర్వాత చదివితే తెలిసింది. 1937లో హాస్ చట్టం తెచ్చి టాక్సీల సంఖ్యకు హద్దు పెట్టారు. అప్పట్లో లైసెన్సు ఖరీదు 10 డాలర్లు. సంఖ్యకు హద్దు ఉంది, చేతులు మార్చుకునే వీలుంది కాబట్టి బిళ్ళకు విలువ పెరుగుతూ పోయింది. ఇప్పుడు మొత్తం 13,587 ఉన్నాయి. 2002లో సుమారు రెండు లక్షలు పలికిన బిళ్ళ 2014 నాటికి పది లక్షల డాలర్లు దాటింది. మీటరు మీద వచ్చే సంపాదనేమో ఐదింతలు కాలేదు. మరి ధర ఎందుకు పెరిగింది? బ్యాంకులు, క్రెడిట్ యూనియన్లు (సహకార పరపతి సంఘాలు) ముందుచెల్లింపు లేకుండా అప్పులిచ్చాయి, పెద్ద కంపెనీలు వేలంలో పోటీపడి రేటు ఎగదోశాయి. ఇంతవరకూ వ్యాపారం. వ్యాపారస్తుడు లాభం చూసుకుంటాడు, అందులో వింత లేదు.

నన్ను కలవరపెట్టింది సిటీ పాత్ర. 1971లో పెట్టిన టీఎల్‌సీ టాక్సీ రేటు నిర్ణయిస్తుంది, డ్రైవర్‌కు లైసెన్సు ఇస్తుంది, తప్పు చేస్తే కేసు రాస్తుంది, బిళ్ళ చేతులు మారితే ఆ బదిలీని ఆమోదిస్తుంది. కొత్త బిళ్ళల్ని వేలం వేసేదీ అదే. ప్రతి పాత బిళ్ళ అమ్మకం మీద సిటీకి 5 శాతం పన్ను ముట్టేది. బిళ్ళ ధర పెరిగితే ఖజానాకు లాభం, తగ్గితే నష్టం. అలాంటప్పుడు "ఈ ధర మోసం, కొనకండి" అని కొనేవాణ్ణి హెచ్చరించాల్సిన ఆఫీసు ఆ మాట ఎలా అంటుంది? అనలేదు. పైగా స్టాక్ మార్కెట్ కన్నా మేలైన పెట్టుబడి అని ప్రకటనలు వేసింది. బ్లూంబర్గ్, డి బ్లాసియో మేయర్లుగా ఉన్న కాలంలో వేలాల మీద, పన్నుల మీద సిటీకి 85 కోట్ల 50 లక్షల డాలర్లకు పైగా వచ్చిందని, ధరల తీరు బాగోలేదని హెచ్చరించినవాళ్ళు ఆఫీసు లోపలే ఉన్నారని 2019లో న్యూయార్క్ టైమ్స్ పరిశోధన బయటపెట్టింది. ఆ హెచ్చరికలు పైకి ఎందుకు కదల్లేదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రాబడి టార్గెట్ ఉన్న సెక్షన్లో రాబడి తగ్గించే నోట్ ఫైల్ ముందుకు నడవడం నా సర్వీసులో నేను చూడలేదు.

2011లో ఊబర్ న్యూయార్క్ వచ్చింది. ఆ బండ్లకు బిళ్ళ అక్కర్లేదు, వేరే లైసెన్సు చాలు, దానికి సంఖ్య పరిమితి లేదు. ఆ లైసెన్సులు ఇచ్చిందీ టీఎల్‌సీయే. ఒక కౌంటర్లో పది లక్షలకు బిళ్ళ అమ్ముతూ పక్క కౌంటర్లో దాని విలువ తీసేసే లైసెన్సులు ఇచ్చుకుంటూ పోయారు. 2014లో కూడా వేలం జరిగింది. 2018 ఆగస్టులో సిటీ కౌన్సిల్ కొత్త లైసెన్సులు ఆపేనాటికి యాప్ బండ్లు దాదాపు ఎనభై వేలకు చేరాయి. బిళ్ళ ధర రెండు లక్షల కిందకు పడింది, అప్పులు అలాగే ఉన్నాయి. ఆ ఏడాదే కొద్ది నెలల తేడాతో పలువురు డ్రైవర్లు ప్రాణాలు తీసుకున్నారు. 2020 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ లెటీషియా జేమ్స్, డ్రైవర్లను మోసం చేసినందుకు 81 కోట్ల డాలర్లు కట్టాలంటూ సిటీకే నోటీసు ఇచ్చారు. నియంత్రించే సంస్థ మీద, అది నియంత్రించిన వ్యాపారంలోనే మోసం చేశావని నోటీసు రావడం చిన్న విషయం కాదు.

ఇది చదువుతుంటే మన కృష్ణా జిల్లా కేసు గుర్తొచ్చింది. మా శాఖలో పాతవాళ్ళందరికీ తెలిసిన పేరు, గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు. ప్రైవేటు బస్సు రూట్లను ప్రభుత్వం తీసుకుని ఆర్టీసీకి ఇవ్వడానికి స్కీము వేసింది. బస్సు యజమానులు అభ్యంతరం చెబితే దాన్ని విన్నది రవాణా వ్యవహారాలు చూసే ప్రభుత్వ కార్యదర్శి. అంటే ఏ శాఖ వల్ల తమకు నష్టమని వాళ్ళు మొరపెట్టుకున్నారో ఆ శాఖ పెద్దే తీర్పరి. 1958 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మెజారిటీ తీర్పు రాసింది మన రాజమండ్రి మనిషి జస్టిస్ కోకా సుబ్బారావు. తన కేసులో తనే జడ్జి కాకూడదని, విన్నది ఒకరైతే నిర్ణయించేది మరొకరు కాకూడదని స్పష్టంగా రాశారు. మరుసటి ఏడాది అదే గొడవ మళ్ళీ కోర్టుకెళ్ళింది. ఈసారి రవాణా శాఖ తన దగ్గరే ఉన్న ముఖ్యమంత్రి స్వయంగా అభ్యంతరాలు విన్నారు, కోర్టు అది సరేనంది. మంత్రి వేరు, కార్యదర్శి వేరు అన్న ఆ రెండో తీర్పు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. స్కీము పాసైతే లాభం ఎవరికో వాళ్ళే ఇద్దరూ.

అయినా మన చట్టంలో న్యూయార్క్‌వాళ్ళు చూసి నేర్చుకోదగ్గ వాక్యం ఒకటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 68వ సెక్షన్. రవాణా వ్యాపారంలో యజమానిగా గానీ ఉద్యోగిగా గానీ మరే రకంగా గానీ డబ్బు సంబంధం ఉన్నవాళ్ళు రాష్ట్ర, ప్రాంతీయ రవాణా అథారిటీల్లో సభ్యులు కాకూడదు. సభ్యుడయ్యాక అలాంటి సంబంధం ఏర్పడితే నాలుగు వారాల్లో ప్రభుత్వానికి రాతపూర్వకంగా చెప్పి పదవి వదులుకోవాలి. అంత సూటిగా ఉంది. డబ్బు సంబంధం ఉందా, తప్పుకో.

కానీ ఆ వాక్యం సభ్యుడి దగ్గర ఆగిపోతుంది. సభ్యుడి భార్యను, కొడుకును, బావమరిదిని పట్టుకోదు. అథారిటీలో కుర్చీ లేని, ఫైలు మాత్రం రాసే మాలాంటివాళ్ళనూ పట్టుకోదు. మాకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది, ఏటా ఆస్తుల పట్టిక ఇవ్వాలి, అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. నేను పనిచేసిన ఒక చోట, ఊరు చెప్పను, ఒక ఇన్‌స్పెక్టరు గారి బావమరిదికి పది పదిహేను టాక్సీలుండేవి. ఆ బండ్లు ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తనిఖీకి) గ్రౌండ్‌లోకి వచ్చిన రోజు నాకు గుర్తులేదు, సర్టిఫికెట్లు మాత్రం వచ్చేవి. సొంతంగా ఒకే బండి నడుపుకునేవాడు బ్రేక్ లైటు వెలగలేదని మూడోసారి క్యూలో నిలబడేవాడు. ఆస్తుల పట్టికలో ఆ టాక్సీలు ఎక్కడా లేవు, ఉండాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే అవి ఆయన పేరున లేవు. మామూళ్ళ గురించి అందరూ మాట్లాడతారు. మామూలు ఆ రోజుతో అయిపోతుంది. ఇది ఫైలు వెంట ఏళ్ళ తరబడి నడుస్తుంది, ఏసీబీ ట్రాప్‌లో పడదు.

కుర్చీలో ఉన్నప్పటి సంగతి ఇది. దిగాక ఎక్కడికి వెళ్తారన్నది ఇంకో ముఖ్యమైన ప్రశ్న. టీఎల్‌సీలో విధానాల విభాగం డిప్యూటీ కమిషనర్‌గా చేసిన అశ్విని ఛాబ్రా 2014లో ఊబర్‌కు వెళ్ళారు. ఆయన చట్టం తప్పారని నేను అనడం లేదు. న్యూయార్క్ సిటీ నిబంధనల ప్రకారం ఉద్యోగం వదిలాక ఏడాదిపాటు పాత ఆఫీసు ముందుకు పని మీద వెళ్ళకూడదు, చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక బోర్డు కూడా ఉంది. నా అభ్యంతరం గడువు మీద. టాక్సీ నిబంధన ఒకటి తయారై అమలయ్యేసరికే ఏడాది దాటుతుంది. అది రాసినవాడికి అందులో సందులు ఎక్కడున్నాయో పదేళ్ళైనా గుర్తుంటాయి.

యూరప్ కథ ఇంకా గట్టిది. యూరోపియన్ కమిషన్‌లో డిజిటల్ వ్యవహారాలు చూసిన నీలీ క్రూస్ 2014లో దిగిపోయారు. పదవి దిగాక పాటించాల్సిన పద్దెనిమిది నెలల విరామం ముగియకముందే ఊబర్‌తో పనిచేస్తానంటే నైతిక కమిటీ కుదరదంది. ఆ విరామంలోనే ఆమె నెదర్లాండ్స్ ప్రభుత్వ పెద్దలతో ఊబర్ తరఫున మాట్లాడారని 2022 జూలైలో బయటపడిన ఊబర్ ఫైల్స్ (ఆ కంపెనీ లోపలి పత్రాలు) చెప్పాయి. ఆమె తన మీద ఆరోపణల్ని కాదన్నారు. 2016లో అదే కంపెనీ సలహా మండలిలో చేరిన మాట మాత్రం బహిరంగమే. షికాగోలో ఒబామా ప్రచార సారథి డేవిడ్ ప్లఫ్ ఊబర్‌లో చేరాక, ఎయిర్‌పోర్టులో ఊబర్ బండ్లకు సంబంధించిన నిబంధనల గురించి మేయర్ రామ్ ఇమాన్యుయేల్‌కు ఈమెయిల్ రాశారు. లాబీయిస్టుగా, అంటే కంపెనీ తరఫున ప్రభుత్వంతో పైరవీ చేసేవాడిగా, నమోదు చేసుకోలేదని 2017లో ఆ సిటీ నైతిక బోర్డు 90,000 డాలర్ల జరిమానా వేసింది. పాత పరిచయంతో రాసిన ఒక్క మెయిల్‌కు అంత జరిమానా! ఆ బోర్డు నాకు నచ్చింది.

హైదరాబాద్ సంగతి కూడా చెప్పాలి. 2015లో తెలంగాణ ప్రభుత్వంతో ఊబర్ ఒప్పందం చేసుకుని ఐదేళ్ళలో 5 కోట్ల డాలర్లు పెడతామంది. ఉద్యోగాలొస్తే మంచిదే, పిలిచినవాళ్ళను నేను తప్పుపట్టను. కానీ పెట్టుబడి తెచ్చే శాఖ, అదే కంపెనీకి నిబంధనలు పెట్టే రవాణా శాఖ ఒకే ప్రభుత్వంలో ఉన్నప్పుడు కింద కూర్చున్న ఆర్టీఓ ఎవరి మొహం చూసి పనిచేస్తాడు? మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో యాప్ కంపెనీలకు రాష్ట్ర లైసెన్సు తప్పనిసరైంది. 2025 జూలైలో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు రద్దీ వేళ బేస్ చార్జీకి రెండింతల దాకా తీసుకోనిచ్చాయి, అంతకుముందు ఒకటిన్నర రెట్లే. సొంత బండి డ్రైవర్‌కు చార్జీలో కనీసం 80 శాతం ఇవ్వాలనీ చెప్పాయి. ఆ 80 అందుతోందా అని కంపెనీ లెక్కలు తెరిచి చూడాల్సింది రాష్ట్ర అధికారులే. అందుకే 68వ సెక్షన్‌లోని ఆ వాక్యాన్ని వాళ్ళకూ, వాళ్ళ ఇంట్లోవాళ్ళ వాటాలకూ వర్తింపజేయాలని, రిటైరయ్యాక కనీసం మూడేళ్ళు ఆ కంపెనీల గడప తొక్కకూడదని నా గట్టి అభిప్రాయం. నాతో పనిచేసినవాళ్ళలో కొందరికి ఇది నచ్చదు.

మా డ్రైవర్ దగ్గరికి వస్తే, ఆయన ఇప్పుడు కాస్త ఊపిరి పీల్చుకుంటున్నాడు. 2021 శరదృతువులో భైరవి దేశాయ్ నడిపే టాక్సీ కార్మికుల సంఘం సిటీ హాల్ ముందు వారాల తరబడి కూర్చుని, చివర్లో నిరాహారదీక్ష చేసింది. నవంబరు 3న సిటీ దిగొచ్చింది. సిటీ ఇచ్చే 30,000 పోగా అప్పు 1,70,000 డాలర్లకు దిగుతుంది, నెల వాయిదా 1,122 దాటదు (2022లో అమలుకొచ్చేసరికి అది 1,234 అయింది), కట్టలేకపోతే సిటీదే పూచీ. వాయిదా అంకె చెప్పేటప్పుడు మాత్రం ఆయన అద్దంలోంచి మా వైపు చూసి నవ్వాడు. అంతకుముందు ఎంత కట్టేవాడివని అడిగితే దానికి మూడింతలు అన్నాడు.

రేటింగ్ అడిగితే బండికి, డ్రైవర్‌కు, రేటు పద్ధతికి ఐదుకు ఐదు. ఏసీ బాగుంది, సామాను భద్రం, హోటల్ గుమ్మం దాకా దించాడు. స్క్రీన్ మీద ఆగకుండా వచ్చే ప్రకటనల మోత ఒక్కటే ఇబ్బంది, దాన్ని ఆపే బటన్ మూలన చిన్నగా ఉంటుంది. టీఎల్‌సీకి రెండు. ఆ రెండూ రేటు విచారణలు బహిరంగంగా పెడుతున్నందుకు. బిళ్ళలు వేలం వేసే పని దాని చేతిలోంచి తీసి వేరే శాఖకు ఇస్తే ఇంకొకటి కలుపుతాను.

వెళ్ళేవాళ్ళు రసీదు అడిగి తీసుకోండి. దాని మీద మెడాలియన్ నంబరు ఉంటుంది. బండిలో ఏదైనా మర్చిపోయినా, ఎక్కువ తీసుకున్నా సిటీ హెల్ప్‌లైన్ 311కు ఫోన్ చేసి ఆ నంబరు చెబితే చాలు. జెర్సీకి వెళ్ళేవాళ్ళకు ఈ 70 డాలర్ల రేటు వర్తించదు, ఎక్కేముందే డ్రైవర్‌తో మాట్లాడుకోండి. మా అమ్మాయి అయితే ఎడిసన్‌కు పెన్ స్టేషన్ నుంచి రైల్లోనే తీసుకెళ్ళింది, పెట్టెలతో కాస్త కష్టమైనా ఖర్చు చాలా తక్కువ.